ఐదో వేలు

నేను ప్రూఫులు చూస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళుగా అదే పని. బడి పుస్తకాలు, మందుల సీసాలతోపాటు మడిచిపెట్టే కాగితాలు, రైళ్ళ వేళల పట్టికలు, ఎవరి పేరు ముందుండాలో తేలక కొట్టుకునే సంఘాల వార్షిక నివేదికలు, అన్నీ అచ్చుకు వెళ్ళే ముందు నా బల్ల మీదికి వస్తాయి. ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నానంటే ఒక్క కామా కూడా నన్ను దాటి పోలేదు. గొప్ప కోసం చెప్పడం లేదు. ఇంత కన్నున్నదాన్ని ఒక మంగళవారం ఎలుకలు పట్టే ఆయన ముందు ఎలా తలదించుకున్నానో చెప్పాలంటే, ముందు ఈ కన్ను సంగతి చెప్పక తప్పదు.

ఎలుకలు మొట్టమొదట కొరికింది వార్షిక నివేదికనే. పొద్దున్నే కట్ట విప్పితే సంఘ అధ్యక్షుడి ఫొటోకి ఒక చెవి లేదు. చినిగిన కాగితాలు పంపుతారా అని ప్రెస్సుకి ఫోన్ చేసి దులిపేశాను. వాళ్ళు నాతో వాదన పెట్టుకోరు, వెంటనే క్షమాపణ చెప్పేశారు. మర్నాడు బల్ల మీద నల్ల జీలకర్ర చల్లినట్టు పెంటికలు కనిపించాయి. తప్పు ప్రెస్సుది కాదని మళ్ళీ ఫోన్ చేసి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

బోను కొన్నాను. అందులో పెట్టిన రొట్టెముక్క తినేసి, తలుపు పడేలోపే దర్జాగా బయటికి నడిచిపోయాయి. జిగురు అట్ట కొన్నాను. దానికి నా చెప్పు అంటుకుంది. ఆ చెప్పు పీకుతూ ఒంటికాలి మీద గెంతుతుంటే నాకే నవ్వొచ్చింది. నవ్వాక చుట్టూ చూసుకున్నాను. ఎవరైనా చూసి ఉంటే బాగుండేదనిపించింది. చూడ్డానికి ఎవరూ లేరు.

మాది మూడో అంతస్తు. రెండు గదులు, ఒక వంటగది. ఒక గది నాది, రెండోది మా తమ్ముడిది. వాడు పెళ్ళయి వేరే ఊళ్ళో కాపురం పెట్టి పదిహేడేళ్ళయింది, అయినా అది వాడి గదే. అమ్మా నాన్నా పోయేనాటికి వాడికి పదేళ్ళు, నాకు ఇరవై ఒకటి. వాడికి జ్వరమొస్తే నేనే, చొక్కా బొత్తం ఊడితే నేనే, పరీక్ష తప్పితే వీపు మీద వేసిందీ నేనే. అలాంటి తమ్ముడితో నాకిప్పుడు మాటలు లేవని అనను. ఉండాల్సినంత లేవు.

దానికి కారణం ఒక ఉత్తరం. నాలుగేళ్ళ కిందట మా మేనకోడలు నాకు రాసింది. దానికప్పుడు పదకొండేళ్ళు. ఒకటిన్నర పేజీలో ఇరవై ఆరు తప్పులున్నాయి. అన్నీ ఎర్ర పెన్నుతో దిద్ది, పక్కన సరైన మాట రాసి, తిరుగుటపాలో పంపించాను. ప్రేమతోనే పంపించాను, ఈ మాట ఎవరు నమ్మినా నమ్మకపోయినా సరే. చివర్లో "అత్తకి ముద్దులు" అని ఉంది. అది మాత్రం తప్పు లేకుండా రాసింది కాబట్టి నేను దాని జోలికి పోలేదు. వారానికి తమ్ముడు ఫోన్ చేసి, "అది చిన్నపిల్ల అక్కా" అన్నాడు. "చిన్నపిల్ల కాబట్టే ఇప్పుడే దిద్దాలి" అన్నాను. పిల్ల మళ్ళీ రాయలేదు. వాడి ఫోన్లు కూడా తగ్గి తగ్గి, ఏదైనా పనుంటే చేసుకుందాం అన్నట్టుగా అయ్యాయి. మా మధ్య పనేముంటుంది?

జిగురు అట్ట తరవాత ఇక నా వల్ల కాక కింద భవనం ఆఫీసుకి వెళ్ళి చెప్పాను. మంగళవారం మనిషి వస్తాడన్నారు.

వచ్చాడు. లావుపాటి మనిషి, నలభై ఐదు దాటి ఉంటాయి. మూడంతస్తులు ఎక్కిన ఆయాసంతో గుమ్మం పట్టుకుని నిలబడ్డాడు.

"కొంచెం మంచినీళ్ళివ్వండమ్మా. అవెక్కడికీ పోవులెండి" అన్నాడు.

నా గ్లాసు కాకుండా ఇంకో గ్లాసు కోసం అలమారా అంతా వెతకాల్సి వచ్చింది. దొరికినదాన్ని రెండుసార్లు కడిగి నీళ్ళిచ్చాను. ఆయన తాగి, సంచి విప్పి పని మొదలుపెట్టాడు. మందు పెడతాడేమో అనుకున్నాను. టీ వడకట్టే జాలీ ఒకటి తీసి, అందులో సుద్దపొడి పోసి, సింకు కింద, పొయ్యి వెనక, రెండు గదుల గుమ్మాల దగ్గర పల్చగా జల్లించాడు.

"ముగ్గేస్తున్నారా?" అన్నాను.

"ముందు వాటి దారులు తెలియాలి కదమ్మా. ఎటు నుంచి వస్తున్నాయి, ఎన్ని వస్తున్నాయి, ఎక్కడ కాపురమున్నాయి, అన్నీ ఈ పొడే చెప్తుంది. వారం దాకా దీన్ని ఊడవకండి."

వారం తరవాత వచ్చి, మోకాళ్ళ కింద పాత పేపరు మడిచి వేసుకుని, టార్చి పక్కవాటంగా పట్టుకుని ఆ పొడిని చదివాడు. చదివాడు అనే అనాలి. నేను ప్రూఫు చూసేటప్పుడు పెదవులు ఎలా కదుపుతానో, ఆయనా అలాగే కదిపాడు.

"మొత్తం నాలుగు. ఒకటి ముసల్ది, తోక ఈడుస్తోంది. సింకు గొట్టం పక్క నుంచి వస్తున్నాయి. కాపురం మాత్రం ఈ గదిలో." తమ్ముడి గది వైపు టార్చి తిప్పాడు. తరవాత "వారం నుంచి మీరు ఈ గదిలో అడుగు పెట్టలేదు కదమ్మా?" అన్నాడు.

నాకు చర్రున కోపమొచ్చింది. "ఎలుకల అడుగులు చూడమంటే నా అడుగులెందుకు చూస్తున్నారు?"

"పొడికి తేడా ఏం తెలుసమ్మా, అందరివీ పడతాయి. నేను వద్దన్నా కనబడతాయి" అన్నాడు, ఏమాత్రం నొచ్చుకోకుండా.

తమ్ముడి మంచం మీది పరుపు తిరగేస్తే కింద గూడు. నా ప్రూఫు కాగితాలే, సన్నగా చీల్చి, గుండ్రంగా అల్లుకున్నాయి. ఏ పోగు పట్టుకున్నా ఎర్ర సిరా. నేను రాత్రింబవళ్ళు కళ్ళు పొడుచుకుని దిద్దినదంతా పిల్లలకి పక్కవేసి పడుకోబెట్టుకున్నాయి. ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఈసారి చూడ్డానికి ఇంకో మనిషి ఉన్నాడు.

వెళ్ళేముందు అలమారా తలుపు లోపల ఒక కార్డు అంటించి, తేదీ వేసి ఏదో రాశాడు. ఆయన మెట్లు దిగాక చూశాను. "యెలుకలు నాలుగు. గూడు తీశెను. కన్నమునకు పీచు కుక్కెను." నా చెయ్యి ఊరుకుంటుందా? ఎర్ర పెన్ను తెచ్చి రెండు చోట్ల దిద్దాను. దిద్దాక గానీ ఏం చేశానో తెలియలేదు. పిల్ల రాయడం మానేసినట్టే ఈయనా రావడం మానేస్తాడు కాబోలు అనుకుంటూ వారమంతా గడిపాను.

ఆయన మాత్రం ఆ కార్డు చూసి, కళ్ళజోడు సర్దుకుని, "ఎవరు దిద్దారమ్మా? మీరేనా? ఎన్నాళ్ళ నుంచో అనుమానం నాకు, ఆ 'యె' సంగతి. అడుగుదామంటే మా ఆఫీసులో అందరూ నాలాంటివాళ్ళే" అన్నాడు.

అప్పటి నుంచి పనయ్యాక ఒక పావుగంట కూర్చునేవాడు. కార్డు నా ముందు పెట్టి రాసేవాడు, నేను దిద్దేదాన్ని. రొట్టెల దుకాణంలో పిండి బస్తాలో పడి తెల్లగా బయటికొచ్చిన ఎలుక గురించి, ఎలుకని చూసి బల్లెక్కి దిగనని కూర్చున్న ఒక పెద్ద డాక్టరు గురించి చెప్పేవాడు. మీరు రోజంతా ఏం వెతుకుతారమ్మా అని అడిగితే అచ్చుతప్పులని చెప్పాను.

"అయితే మనిద్దరిదీ ఒకటే పని. నేను వెతికేవీ అచ్చులే. కాలి అచ్చులు" అని తన మాటకి తనే మురిసిపోయాడు.

దాచుకోవడం ఎందుకు, నాకు ఆ మంగళవారాలు కావాలి. ఆదివారం నుంచే ఎదురుచూసేదాన్ని. రెండో గ్లాసు అలమారాలోంచి తీసి నా గ్లాసు పక్కన పెట్టుకున్నాను. ఆయనకి చెప్పాలని వారమంతా దొరికిన అచ్చుతప్పుల్లో నవ్వొచ్చేవి ఒక చీటీ మీద రాసిపెట్టుకునేదాన్ని. "భోజనానంతరం రెండు మాత్రలు" అనే చోట "భోజనానంతరం రెండు యాత్రలు" అని పడిందని చెబితే ఆయన కుర్చీలో ఊగిపోయాడు. అలా నా మాటకి ఒకరు నవ్వి ఎన్నేళ్ళయిందో లెక్క కట్టబోయి, వద్దులే అని మానుకున్నాను.

ఆరో మంగళవారం ఆయన కార్డులో రాసింది ఒక్కటే మాట. "సుభ్రం." నేను వెంటనే 'సు' కొట్టేసి 'శు' పెట్టాను. మా పనిలో చేరిన కొత్తలో పెద్దాయన ఒకరు నేర్పారు, అక్షరాలు చూడు, అర్థం చూడకు, అర్థంలో పడితే తప్పు జారిపోతుందని. అలాగే చూశాను. ఆయన సంచి కట్టుకుంటూ, "వరసగా మూడు వారాలు ఇలా పొడి చెదరకుండా ఉంటే కార్డు మూసేస్తామమ్మా. మీ పీడ వదిలినట్టే" అన్నాడు. అప్పుడు కనబడింది ఆ మాటకి అర్థం.

ఏడో మంగళవారం కూడా శుభ్రం. ఇంకొక్క వారం.

ఆ వారం నేను చేసిన పనులు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. సింకు కింద కన్నంలో కుక్కిన ఇనుప పీచు పీకేశాను. కన్నం ముందు రొట్టెముక్క పెట్టాను, దాని మీద కాస్త వెన్న కూడా రాశాను. నాలుగు రోజులు చూశాను. రొట్టె ఎండి పెచ్చులు కట్టింది. ఎలుకలు కూడా రాలేదు. పీచు మళ్ళీ కుక్కి, చేతులు కడుక్కుని, వంటింటి నేల మీద చతికిలబడి కాసేపు ఏడ్చాను.

సోమవారం మధ్యాహ్నం నేనే ఎలుకనయ్యాను. పెన్సిలు వెనక రబ్బరుతో పొడి మీద చిన్నగా అద్ది, గుండుసూది తలతో వేళ్ళు పెట్టాను. దారం ఈడ్చి తోక గీశాను. సింకు కింద నుంచి పొయ్యి దాకా, అక్కడి నుంచి తమ్ముడి గది గుమ్మం దాకా. నడుం పట్టేసింది. పని మాత్రం ముచ్చటగా కుదిరిందనుకున్నాను. అన్ని వేళ్ళూ సమానంగా, వరస తప్పకుండా.

మంగళవారం ఆయన వచ్చాడు. నీళ్ళు తాగాడు. పేపరు మడిచి మోకాళ్ళ కింద వేసుకున్నాడు. నేను గుమ్మంలో నిలబడి, "మళ్ళీ వచ్చినట్టున్నాయి" అన్నాను.

ఆయన టార్చి వేశాడు. చాలాసేపు పెదవులు కదల్లేదు. కళ్ళజోడు తీసి, చొక్కాకి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. పాక్కుంటూ పొయ్యి దాకా వెళ్ళాడు, మళ్ళీ వెనక్కొచ్చాడు.

"ఎలుకకి ముందు కాళ్ళకి నాలుగే వేళ్ళమ్మా" అన్నాడు మెల్లగా. "వెనక కాళ్ళకే ఐదు. ఇక్కడ అన్నిటికీ ఐదేసి ఉన్నాయి."



"అచ్చుతప్పు" అన్నాడు. వెక్కిరింపుగా అనలేదు. నేను నేర్పిన మాట సరైన చోట వాడాడు, అంతే.

మూలప్రతి ముందు పెట్టుకోకుండా ఒక్క అక్షరం ముట్టుకోకూడదని మా పనిలో మొదటి రోజే చెప్తారు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ మాట తప్పలేదు. నాలుగు వారాలు నా కళ్ళెదుట నేల మీద ఎలుకల అడుగులు పడి ఉంటే, ఒక్కసారైనా వంగి వేళ్ళు లెక్కపెట్టలేదు. వచ్చే మనిషిని చూసుకుంటూ కూర్చున్నాను. పెట్టాల్సొచ్చేసరికి నా చేతికి ఎన్ని ఉన్నాయో అన్ని పెట్టేశాను.

తప్పు పట్టుబడితే మనిషికి ముందొచ్చేది సిగ్గు కాదు, కోపం. "నా ఇంట్లో నేను నేల మీద ఏం గీసుకుంటే మీకెందుకు?" అన్నాను. "వచ్చారు, చూశారు, ఇంక బయల్దేరండి" అన్నాను. ఇంకా ఏవో అన్నాను. ఆయన మోకాళ్ళ మీదే ఉండి, నా అరుపులు అయ్యేదాకా విన్నాడు.

"ఫొటోలు తీసి ఆఫీసులో చూపించాలమ్మా" అన్నాడు తరవాత. "ఉన్నాయని రాస్తే నా ఉద్యోగానికి ఎసరు. నాకూ మీ ఇంటికి రావడం బాగానే ఉంది. ఏ ఇంట్లో చూసినా నన్ను గుమ్మం దగ్గరే నిలబెడతారు. కానీ నేనేం చెయ్యను చెప్పండి."

ఎలుకలు లేకపోయినా రండి అనాలి నేను. అది మూడు మాటల వాక్యం, కష్టమైన అక్షరం ఒక్కటీ లేదు. నోటి దాకా వచ్చింది. "ఆ పొడి తుడిచేసి వెళ్ళండి" అన్నాను.

తుడిచాడు. తడిబట్టతో మూలమూలలా, నేను చేసేదానికంటే శుభ్రంగా. తరవాత అలమారా తలుపు తీసి, నా వైపు చూడకుండా, నన్ను అడగకుండా కార్డు పూర్తి చేశాడు. నీళ్ళ గ్లాసు తనే కడిగి బోర్లించాడు. "వస్తానమ్మా" అన్నాడు. రాడని ఇద్దరికీ తెలుసు. మెట్ల మీద ఆయన ఆయాసం కింది అంతస్తు దాకా వినబడింది, తరవాత వీధి తలుపు పడింది.

చాలాసేపటికి లేచి కార్డు చూశాను. "శుభ్రం. ఎలుకలు లేవు. లోపలి గదిని ఖాళీగా ఉంచరాదు. మనుషులు వాడుకొనవలెను." ఎర్ర పెన్ను చేతిలోనే ఉంది. రెండుసార్లు, మూడుసార్లు చదివాను. ఎక్కడా ఒక్క తప్పు లేదు.

తమ్ముడి గదిలోకి వెళ్ళాను. కిటికీ తెరిచాను, గడియ బిగిసిపోయి రెండు చేతులతో లాగాల్సొచ్చింది. ఎలుకలు పాడుచేసిన పరుపు ఎప్పుడో పారేశాను, ఉత్త మంచం మీదే కూర్చున్నాను. పనివాళ్ళు ఏం చెయ్యమని రాసిపెడితే అది చెయ్యాలి కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ, సాయంత్రం ఐదు దాటాక తమ్ముడికి ఫోన్ చేశాను.

ఎత్తింది మేనకోడలు. గొంతు ఎంత మారిపోయిందంటే మరదలేమో అనుకున్నాను. "నేనే, అత్తని" అన్నాను. ఫోను పక్కకి పెట్టి, "నాన్నా, ఎర్రపెన్నత్త!" అని కేకేసింది. ఆ కేకలో కోపం గానీ ఎగతాళి గానీ లేవు. పాలవాడొచ్చాడని చెప్పినట్టే చెప్పింది. ఆ ఇంట్లో నా పేరు అదన్నమాట.

తమ్ముడు వచ్చాడు. "చెప్పక్కా. ఇప్పుడేం తప్పు చేశాం?"

వాడూ మామూలుగానే అడిగాడు. నేను ఫోన్ చేశానంటే ఏదో తప్పు దొరికి ఉంటుందని వాడి లెక్క. ఆ లెక్క నేను నేర్పిందే.

"తప్పేం లేదురా. ఊరికే చేశాను" అన్నాను.

ఫోను పెట్టేశాడేమో అనుకున్నాను.

"ఊరికేనా?" అన్నాడు.

"ఊరికే."

"అక్కా, ఒంట్లో ఎలా ఉంది?" గొంతు మారిపోయింది. "డాక్టరుకి చూపించుకున్నావా? ఏమన్నాడు?"

"నాకేం రోగంరా, రాయిలా ఉన్నాను."

"అబద్ధం చెప్పకు. నువ్వు ఊరికే ఫోన్ చెయ్యవు. నాకు తెలీదా నీ సంగతి?" ఫోను పక్కకి తిప్పి మరదలితో ఏదో అంటున్నాడు. అక్క, ఒంటరిగా, ఎన్నాళ్ళ నుంచో, ఇలాంటి మాటలు ముక్కలుగా వినబడ్డాయి. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే మంచం పక్కన నిలబడి ఏడ్చేవాడే, అదే గొంతు.

"నిజంగా ఏం లేదురా" అన్నాను.

"సరే, నేనొచ్చి చూస్తే తెలుస్తుంది. పిల్లకి సెలవులే, దాన్నీ తీసుకొస్తాను. పొద్దున్న బండికి బయల్దేరతాం. నా గదిలో పడుకోవడానికి చోటుందా?"

"ఉంది" అన్నాను.

నాకు ఏ జబ్బూ లేదని ఇంకొక్కసారి గట్టిగా చెప్పి ఉంటే నమ్మేవాడేమో. నేను చెప్పలేదు.